తరగతిలో ప్రశ్న అడగడం మీరు ఎక్కడ నేర్చుకున్నారు? (పలాస నుంచి వాల్తేరు దాకా)

ఉద్దానం అమ్మాయి

సభ్యులందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా పలాస. ఇక్కడికి వచ్చి ఆరు నెలలు దాటింది, కానీ ఇంతవరకు తరగతిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సందేహాలు లేక కాదు. వచ్చిన సందేహాన్నల్లా నోట్సు చివరి పేజీల్లో రాసుకుంటూ వస్తున్నాను. నిన్న లెక్కపెడితే 43 తేలాయి.

ఈ భయం ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తుంది. మా బడి తెలుగు మాధ్యమం. ఏడో తరగతిలో ఒకరోజు పై విలువ 22/7 అని, మరునాడు 3.14 అని చెప్పారు. భాగించి చూస్తే 3.142 దాటి వస్తోంది, రెండూ ఒకటి కావు కదా అని లేచి అడిగాను. "పరీక్షలో ఏది ఇస్తే అది వెయ్యి, కూర్చో" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, ఆయన మంచివారే. అయినా వెనుక బల్లల వాళ్లు నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

ఇంట్లోనూ అడిగే అలవాటు లేదు. అమ్మ జీడి పరిశ్రమలో పప్పు పొట్టు తీసి గ్రేడింగు చేస్తుంది, నాన్న పిక్కల బస్తాలు మోసే కళాసీ. అమ్మ ఇంటికి వచ్చేసరికి వేళ్ల చివర్లు జీడి నూనెకు నల్లబడి, కొన్నిచోట్ల తోలు లేచిపోయి ఉండేవి. అన్నం కలిపేముందు ఆముదం రాసి రుద్దుకునేది. ఆ చేతుల్ని చూస్తూ ఫీజు సంగతి ఎత్తడానికి నోరు రాదు.

మా బ్యాచ్ చదువు కూడా ఒక విచిత్రం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదే తీరం దాటినప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా వీధికి కరెంటు రావడానికి రెండు వారాలు పట్టింది. మామయ్య జీడితోట ఒక్క రాత్రిలో నేలకొరిగింది. పదో తరగతి పరీక్షలు 2020లో కరోనా వల్ల రద్దయి అందరమూ పాసయ్యాం. 2021లో ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలూ రద్దయ్యాయి. ఆ రెండేళ్లలో చాలాభాగం నేనూ చెల్లీ ఒకే ఫోనును పంచుకుని పాఠాలు విన్నాం. ఫోనులో పాఠానికి ప్రశ్న అడగనక్కరలేదు, మైకు మూసుకుని ఉంటే చాలు. అలా నేను రాసిన మొట్టమొదటి పబ్లిక్ పరీక్ష 2022 మేలో, పద్దెనిమిదేళ్ల వయసులో!

శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఇంగ్లీషు మాధ్యమంలో పూర్తిచేసి, పీజీసెట్ రాసి ఇక్కడికి వచ్చాను. వచ్చే నెల నేను తరగతిలో సెమినార్ ఇవ్వాలి. నమూనా సేకరణ (శాంప్లింగ్) గురించి నలభై నిమిషాలు మాట్లాడాలి. ఆ తరువాత అందరూ నన్ను ప్రశ్నలు అడుగుతారు. ఒక్కసారైనా అడగనిదాన్ని జవాబులు ఎలా చెప్పగలనో తెలియడం లేదు. చిన్న ఊళ్ల నుంచి పెద్ద చదువులకు వెళ్లినవారు ఈ గడప ఎలా దాటారో చెబితే నాకు మేలు చేసినవారవుతారు.

బాసర బండి

చెల్లె, నాది నిజామాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. పదో తరగతి తరువాత బాసర ట్రిపుల్ ఐటీకి ఎంపికయ్యాను. ప్రభుత్వ బడిలో చదివినందుకు మార్కుల సగటుకు 0.4 కలిపారు, ఆ 0.4 లేకుంటే నాకు సీటు వచ్చేది కాదు. అక్కడ ఆరేళ్ల చదువు: రెండేళ్లు ఇంటర్ లాంటి పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. చేరగానే చేతిలో ల్యాప్‌టాప్ పెట్టారు. దాన్ని తెరవడం తెలియక మా గదిలో నలుగురం దాని చుట్టూ కూర్చుని, పక్క గదివాడు ఎప్పుడు తెరుస్తాడో చూసి అలాగే చేద్దామని ఎదురుచూశాం. పక్క గదివాళ్లు కూడా మా కోసమే ఎదురుచూశారని తరువాత తెలిసింది.

మొదటి ఏడాది నాకు పాఠాలు కష్టం కాలేదు, పాఠాల్లోని ఇంగ్లీషు కష్టమైంది. సందేహాన్ని ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు సార్ మరో పేజీకి వెళ్లిపోయేవారు. అందుకని మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. రాత్రి భోజనం తరువాత మెస్ బయట అరుగు మీద కూర్చుని ఆనాటి సందేహాలను తెలుగులోనే ఒకరినొకరం అడిగేవాళ్లం. తొంభై శాతం అక్కడే తీరిపోయేవి. తీరనివాటిని మాలో ఇంగ్లీషు కొంచెం వచ్చిన ఖమ్మం పిల్లవాడు మరునాడు అందరి తరఫున అడిగేవాడు. రెండో ఏడు వాడికి జ్వరం వచ్చి వారం పాటు ఊరికి వెళ్లాడు. అప్పుడు నేను లేవక తప్పలేదు. నేను చెప్పగలిగేది ఇంతే: ముందు నీ హాస్టల్లో ఒక అరుగు వెతుక్కో.

పాత పంతులు

అమ్మా, నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో 31 ఏళ్లు గణితం, స్టాటిస్టిక్స్ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఈ విషయంలో తప్పు పిల్లలదని నేను ఎన్నడూ అనుకోలేదు. మేమే నోట్సు చెప్పి రాయించాం, ఆ నోట్సు ఎలా ఉందో అలా రాసినవారికే మార్కులు వేశాం, ఆపైన "ఈ కాలం పిల్లలు ప్రశ్నించరు" అని స్టాఫ్ రూములో నిట్టూర్చాం.

నువ్వు చదివే శాస్త్రంలోనే నీకు తగిన కథ ఒకటి ఉంది. సి.ఆర్. రావు గారి పేరు విననిదానివి కావు. తండ్రి పోలీసు ఉద్యోగి కావడంతో ఆయన బాల్యం గూడూరు, నూజివీడు, నందిగామల మీదుగా సాగి విశాఖపట్నం చేరింది. మీ విశ్వవిద్యాలయంలోనే గణితం చదివి, స్టాటిస్టిక్స్ కోసం కలకత్తా వెళ్లారు. అక్కడ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసులో పాఠం చెబుతూ, నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనా ఎంత ఖచ్చితంగా ఉండగలదో చెప్పే ఒక హద్దును గురించి వివరించారు. అప్పుడు వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న నమూనాలకు కూడా ఇలాంటిది ఎందుకు నిరూపించకూడదని అడిగాడు. రావు గారు ఇంటికి వెళ్లి ఆ రాత్రంతా కూర్చుని నిరూపించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే ఇవాళ క్రామర్–రావు హద్దు అంటున్నాం. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించినప్పుడు అందరూ ఆయన జవాబును తలచుకున్నారు. నాకు మాత్రం దండేకరే గుర్తుకు వచ్చాడు. ఆయన తరువాత పేరున్న ఆర్థికవేత్త అయ్యాడు, అది వేరే సంగతి.

ఆ 43 ప్రశ్నల్లో ఒకటి ఇక్కడ రాయి. ముఖం కనబడదు కాబట్టి సిగ్గుపడే పని లేదు.

నిక్కచ్చి మనిషి

అందరూ భయం, సిగ్గు అంటున్నారు గనుక ఒక చేదు మాట చెప్పక తప్పదు. అడగడం రాకపోవడం అసలు సమస్య కాదు. అడిగితే జవాబు చెప్పవలసిన కుర్చీలో మనిషి లేకపోవడం సమస్య. నేను ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్టణం నుంచి వచ్చి ప్రైవేటు కళాశాలలో డిగ్రీ చేశాను. మూడేళ్లలో ఎలక్ట్రానిక్స్‌కు ఐదుగురు మారారు, అందరూ నెల జీతానికి వచ్చి, ఆ జీతం అందక వెళ్లిపోయినవారే. ఎవరిని అడగాలి? చివర్లో ఫీజు బకాయి ఉందని నా సర్టిఫికెట్లు అట్టిపెట్టుకున్నారు. అవి లేక ఒక ఏడాది పీజీ ప్రవేశం పోయింది. అక్కడ నేను గొంతు చించుకుని అడిగాను, భయపడలేదు. ఏం ఒరిగింది? చిన్న ఊరి పిల్లలకు ధైర్యం నూరిపోయడం సులభం, అధ్యాపకుల ఖాళీలు నింపడం కష్టం. అందుకే అందరూ మొదటిదాని గురించే మాట్లాడతారు.

పెద్దపల్లి అమ్మ

నిక్కచ్చి గారు చెప్పినదాంట్లో నిజం ఉంది. కానీ అడగకపోవడం వల్ల పోయేది కూడా తక్కువేమీ కాదని నా ఇంటి అనుభవం. నేను పదో తరగతి దాకా చదివాను. మా బాబుకు ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయి. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల 'దోస్త్'లో దరఖాస్తు చేయాలంటే బస్టాండు దగ్గర నెట్ సెంటరుకు వెళ్లాం. లోపల పదిహేను మంది, చెమట, ఒకటే ఫ్యాను. అక్కడి పిల్లవాడు "ఏ గ్రూపు వేయాలె?" అన్నాడు. మా వాడు నా ముఖం చూశాడు, నేను వాడి ముఖం చూశాను. "అందరూ ఏది వేస్తున్నరు?" అని నేనే అన్నాను. బీకాం కంప్యూటర్స్ అన్నాడు. వేసేశాడు. రెండు నిమిషాల పని. మూడేళ్ల చదువును మేం రెండు నిమిషాల్లో, వెనుక వరుసలో వాళ్లు తోస్తున్నారన్న తొందరలో తేల్చేశాం. వాడికి ఇష్టమైంది వృక్షశాస్త్రమని రెండో ఏడు సెలవులకు వచ్చినప్పుడు తెలిసింది. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, "నువ్వు అడగలేదు కదమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఉస్మానియాలో ఎంకాం చేస్తున్నాడు. బాగానే ఉన్నాడు. ఫోను చేస్తే తిన్నావా అని నేను, తిన్నా అని వాడు. అంతకు మించి ఏం అడగాలో నాకు తెలియదు బిడ్డా. నీ అమ్మానాన్నలు కూడా అంతేనేమో. అడగనంత మాత్రాన పట్టింపు లేదని మాత్రం అనుకోకు.

డాలస్ నుంచి నరసరావుపేట

అమెరికాలో ఎమ్మెస్‌కు వచ్చిన మొదటి సెమిస్టరులో నాదీ ఇదే పరిస్థితి. ఇక్కడ ప్రతి అధ్యాపకుడూ వారంలో కొన్ని గంటలు తలుపు తీసిపెట్టి కూర్చుంటారు. వాటిని ఆఫీస్ అవర్స్ అంటారు. ఎవరైనా వెళ్లి ఏదైనా అడగవచ్చు. నేను రెండు నెలలు ఆ వరండాలో అటూ ఇటూ నడిచి వెనక్కు వచ్చేశాను. మన దగ్గర సార్ గదిలోకి పిలుపు వచ్చిందంటే ఏదో తప్పు చేశామనే అర్థం. పిలవకుండా వెళ్లడమనేది నా ఊహకు అందలేదు. మిడ్ టర్మ్‌లో మార్కులు పోయాక వెళితే, "నువ్వు ముందే వస్తావనుకున్నాను" అన్నారాయన. రానివాడికి అర్థమైపోయిందని ఇక్కడ లెక్క. అడిగేవాడికి అర్థం కాలేదని మన దగ్గర లెక్క. ఈ రెండు లెక్కల మధ్య నాకు ఒక గ్రేడు పోయింది.

ఒక చిన్న ఉపాయం: తరగతిలో అందరి ముందు మొదలుపెట్టకండి. పాఠం అయ్యాక సార్ వరండాలో నడిచేటప్పుడు పక్కన నడుస్తూ అడగండి. ఆయన ముందుకు చూస్తూ నడుస్తారు, మీ ముఖం చూడరు.

ఉద్దానం అమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. పెద్దపల్లి అమ్మ గారు రాసింది చదివి, నిన్న ఇంటికి ఫోను చేసినప్పుడు "తిన్నావా" అని నేనే ముందు అడిగేశాను. అమ్మ కంగారుపడి ఏమైంది అంది.

నిక్కచ్చి గారూ, మీరు చెప్పినది కాదనను. అయితే నా ఎదుట కుర్చీలో మనిషి ఉన్నారు, మంచి పాఠం చెబుతున్నారు, అయినా నా నోరే పెగలడం లేదు. విచిత్రం ఏమిటంటే ఇతరులను ప్రశ్నలు అడగడం నాకు కొత్త కాదు. డిగ్రీ మొదటి సంవత్సరం తరువాత వేసవిలో సామాజిక సేవా ప్రాజెక్టు కింద మా ఉద్దానం గ్రామం ఒకదానిలో ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించాను. అక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి లేదు, దాని కారణం ఇంకా ఎవరూ తేల్చలేదు. ఏ బోరు నీళ్లు తాగుతారు, పొలంలో ఎన్ని గంటలు పని, నొప్పి మాత్రలు ఎన్నాళ్లుగా వాడుతున్నారు అని ముప్పై ఎనిమిది ఇళ్లలో అడిగాను. ఒక ముసలాయన డయాలసిస్‌కు వెళ్లి వచ్చి అరుగు మీద పడుకుని ఉండి కూడా ఓపికగా అన్నీ చెప్పాడు. చివరికి "గుంటా, ఇయ్యన్నీ రాసుకుని నువ్వేటి సేస్తావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. స్టాటిస్టిక్స్‌లో పీజీ చేయాలన్న కోరిక ఆ అరుగు దగ్గరే పుట్టింది.

పంతులు గారు కోరినట్టు ఒక ప్రశ్న రాస్తున్నాను, నా జాబితాలో ఇది ఏడోది. నమూనా విస్తృతి (వేరియన్స్) కనుక్కునేటప్పుడు, సగటు నుంచి తేడాల వర్గాల మొత్తాన్ని నమూనాలోని అంశాల సంఖ్య ఎన్‌తో కాకుండా ఎన్ మైనస్ ఒకటితో ఎందుకు భాగిస్తాం? డిగ్రీ మూడేళ్లూ "అది సూత్రం" అనే విన్నాను.

పాత పంతులు

ఈ ప్రశ్నను నేను కూడా ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లకు గానీ సరిగా అర్థం చేసుకోలేదు. మీ ఊరి సరుకుతోనే చెబుతాను. ఐదు జీడి పిక్కలు తూచావు: 5, 6, 7, 6, 6 గ్రాములు. సగటు 6. సగటు నుంచి తేడాలు మైనస్ 1, 0, 1, 0, 0. వాటిని కూడితే సున్నా, ఎప్పుడైనా సున్నాయే. కాబట్టి నాలుగు తేడాలు నాకు చెప్పావంటే ఐదోదాన్ని నేను చూడకుండానే చెప్పేస్తాను. నీ దగ్గర స్వతంత్రమైన సమాచారం నాలుగే.

ఇక రెండో సంగతి. ఆ 6 అన్నది ఈ ఐదింటి నుంచే పుట్టిన సగటు, అందుకే వీటికి మరీ దగ్గరగా ఉంటుంది. మొత్తం గోదాము సగటు నిజానికి 6.4 అనుకో. నమూనా సగటు నుంచి తేడాల వర్గాల మొత్తం 2 మాత్రమే, 6.4 నుంచి తీస్తే 2.8. అసలు సగటు మనకు తెలియదు కాబట్టి ఎప్పుడూ తక్కువ చూపే మొత్తమే చేతికి వస్తుంది. 2ను ఐదుతో భాగిస్తే 0.4. నాలుగుతో భాగిస్తే 0.5. గోదాము సగటు తెలిసి ఉంటే 2.8ను ఐదుతో భాగించి 0.56 అనేవాళ్లం. చూశావా, నాలుగు దగ్గరకు తెచ్చింది. ప్రతి నమూనాలోనూ ఇంత చక్కగా కుదరదు, కానీ ఎన్నో నమూనాలు తీసి సగటు చూస్తే సరిగ్గా కుదురుతుంది. ఆ నిరూపణ నీ పుస్తకంలోనే ఉంటుంది, ఇప్పుడు చదువు. మిగతా 42 మీ సార్‌కు వదిలేస్తున్నాను.

నిక్కచ్చి మనిషి

పంతులు గారూ, ఇలా చెప్పినవారు నాకు ఒక్కరు తగిలి ఉంటే నేను రాసింది కొంచెం వేరుగా రాసేవాడిని. ఖాళీల మాట మాత్రం వెనక్కు తీసుకోను.

బాసర బండి

చెల్లె, సెమినార్‌కు పుస్తకంలో ఉదాహరణలు తీసుకోకు. బల్బుల ఫ్యాక్టరీ ఉదాహరణ విని విని అందరూ నిద్రపోతారు. మీ అమ్మ చేసే గ్రేడింగే చెప్పు.

ఉద్దానం అమ్మాయి

పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. నరసరావుపేట గారి ఉపాయం పాటించాను. పాఠం అయ్యాక వరండాలో సార్ పక్కన నడుస్తూ పదకొండో ప్రశ్న అడిగాను. మెట్ల దగ్గరకు వచ్చేసరికి జవాబు పూర్తికాలేదు. ఆయన మెట్ల మీదే ఆగి, నా నోట్సు తీసుకుని గోడకు ఆనించి బొమ్మ గీసి చూపించారు. చివరి పేజీలు ఆయన కంట పడ్డాయి. "ఇన్ని దాచుకున్నావేం?" అని, శుక్రవారం మధ్యాహ్నం గదికి రమ్మన్నారు. తరగతిలో మాత్రం ఇంకా లేవలేదు. హాస్టల్లో అరుగు దొరికింది, నీళ్ల ట్యాంకు దగ్గర. నలుగురం కూర్చుంటున్నాం. అనంతపురం అమ్మాయి ఒకామె దగ్గర నాకంటే పెద్ద జాబితా ఉంది.

ఆదివారం పాసింజరులో ఇంటికి వెళ్లి అమ్మను గ్రేడింగు గురించి అడిగాను. డబ్ల్యూ 240 అంటే పౌనుకు (సుమారు 454 గ్రాములకు) 220 నుంచి 240 గుండ్లు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. అమ్మకు పౌను అంటే ఏమిటో తెలియదు. తెల్లటి పప్పును గుప్పెట్లోకి తీసుకుని ఒకసారి కుదిపి పక్కన పోస్తుంది. నేను పది గుప్పిళ్లు కాటా మీద తూచి లెక్కపెట్టాను. ఒక్కటే తప్పింది, అదీ హద్దు మీదున్నదే. ఇన్నేళ్లూ ఆ గది బయట కూర్చుని హోంవర్కు చేసుకున్నాను గానీ ఎలా గుర్తుపడుతున్నావని ఎన్నడూ అడగలేదు. "బరువు సేతికి తెలుస్తాదమ్మా" అంది, అంతే.

నాన్న పక్కనుంచి వింటున్నాడు. లారీ పిక్కలు కొనేముందు వ్యాపారులు బస్తాల్లోంచి కాస్త తీసి, కోసి, ఎంత పప్పు దిగుతుందో చూస్తారు. ఆ కాస్త ఎలా తీస్తారని అడిగాను. నాన్న నవ్వి, "మంచి పిక్కలు పైనెయ్యరేటి? అందుకే అడుగునుంచి, మధ్యనుంచి గొట్టం గుచ్చి తియ్యాల. అందులోనూ గోడవారనున్న బస్తాలు ఒగ్గీకూడదు" అన్నాడు. గోడవార బస్తాలు ఎందుకు అన్నాను. తీయడం కష్టం కాబట్టి ఎవరూ గుచ్చరని తెలిసి, అమ్మేవాళ్లు తడిసినవి అక్కడ పెడతారట.

సెమినార్ వచ్చే గురువారం. మొదటి పది నిమిషాలు గోడవార బస్తాల గురించే. ఇంగ్లీషులో 'గోడవార'ను ఏమనాలో ఇంకా తేలలేదు, తెలిసినవారు చెప్పగలరు.